మందకు కొత్త పిలుపు

యశోదకు ఫోన్ పిచ్చి అని ఊరంతా అనేది. ఊరు అన్న మాట ఎప్పుడు సరిగ్గా ఉంది గనక! ఆమెకు ఫోన్ మీద పిచ్చి లేదు, దాని లోపల జరిగే భాగోతం మీద పిచ్చి. ఒక ఆట చేతికి ఎందుకంతలా అతుక్కుపోతుంది, గుంపులో కొత్తగా చేరినవాణ్ణి ఎవరు పలకరిస్తారు, ఎవరు కరుస్తారు, పడీపడీ నవ్విన వీడియో సాయంత్రానికి ఎందుకు గుర్తుండదు... ఇవన్నీ కూర్చుని తెగ ఆలోచించేది. తోచింది తోచినట్టు రాసి తన బ్లాగులో పెట్టేది. చదివేవాళ్ళు పిడికెడు మంది. "ఎవరూ చదవకపోయినా నష్టం లేదు, రాయకపోతేనే నాకు కడుపుబ్బరం" అనేది.

కంభంలో డిగ్రీ చేసింది. ఏదో కంపెనీకి ఫోటోల్లో ఏది చెట్టో ఏది మనిషో గుర్తులు పెట్టే పని ఇంటి నుంచే చేస్తుంది. ఇల్లు బేస్తవారిపేట దగ్గరి పల్లె. తండ్రి మస్తానయ్య, తల్లి రాఘవమ్మ గొర్రెలు కాస్తారు. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పిలిస్తే వాళ్ళ చేలలో మంద నిలుపుతారు. ఆ ఇంటికి ఉన్న ఆస్తి, గౌరవం, బెంగ అన్నీ ఆ మందే.

యశోదకు నెట్‌లో ప్రాణంలాంటి గుంపు ఒకటుంది. పేరు 'ఆటపాక'. తెలుగులో ఆటలు తయారుచేసేవాళ్ళు, ఆడేవాళ్ళు, ఊరికే వాదించుకునేవాళ్ళు అందులో ఉంటారు. గుంటూరు నుంచి పావని అనే అమ్మాయి దాన్ని నడుపుతుంది. ఎవరింటి పని మీద వాళ్ళు ఒక చిన్న ఆట చేయండి అని ఆమె ఒకసారి అడిగింది. యశోద వెంటనే 'మంద' చేసింది. కొండ కింద చెదిరిపోయిన గొర్రెలను పోగుచేసి నీళ్ళకు తోలాలి. అవి మాట వినవు. బటన్ నొక్కితే రాఘవమ్మ గొంతు పిలుస్తుంది, అప్పుడు వింటాయి. అంతే ఆట.

ఆ పిలుపులోనే ఉంది మహత్తు. నాలుక వణికించి "బ్ర్‌ర్‌ర్" అని మొదలై, "హోయ్... దాయే, దాయే" అని పైకి లేచి, చివర ఒక చిన్న విరుపుతో దిగుతుంది. మస్తానయ్య తల్లి దాన్ని కోడలు రాఘవమ్మకు నేర్పింది. తన కూతుళ్ళకు మాత్రం నేర్పలేదు. రేపు ఇంకో ఇంటి మంద వెనక పోయే పిల్లకు మన మంద తాళంచెవి ఎందుకని ఆ ముసలమ్మ లెక్క. ఆ లెక్క ప్రకారం యశోదకూ పిలుపు రాలేదు. చిన్నప్పుడు దొంగచాటుగా ప్రయత్నిస్తే గొర్రెలు మేత మాని ఆమెను వింతగా చూశాయి. అందుకే ఆట కోసం తల్లిని బతిమాలి ఫోన్‌లోకి పట్టుకుంది.

ఆటపాక వాళ్ళు ఆ గొంతుకు పడిపోయారు. కొందరు ఆ ధ్వనితో రీల్స్ చేశారు. యశోద ఆ వారమంతా నేల మీద నడవలేదంటే నమ్మండి.

మంద అప్పుడు రంగయ్య అనే రైతు కంది కోసిన చేలో ఉంది. చేనుకు ఆనుకునే గిద్దలూరు రోడ్డు, రోడ్డుకు అవతల బాలకృష్ణ టీ దుకాణం. మధ్యాహ్నం యశోద సద్ది పట్టుకుని చేలోకి వచ్చింది. రాఘవమ్మ ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తోంది. నోరు మూసుకునే ఉంది. అయినా ఆమె పిలుపు వినపడింది, రోడ్డు అవతల నుంచి, మామూలుకంటే గట్టిగా.

గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఆపైన కట్ట తెగినట్టు కదిలాయి. మస్తానయ్య కర్ర ఎత్తుకుని అడ్డం పరుగెత్తాడు, అరిచాడు. అవి ఆయన కాళ్ళ పక్కనుంచే దూరి పోయాయి. రోడ్డు మీద వస్తున్న లారీవాడు పాపం బ్రేకు వేయగలిగినంత వేశాడు. మంద దాటింది. ఒక తల్లి గొర్రె దాటలేదు.

దుకాణంలో బాలకృష్ణ స్పీకరు ముందు బిక్కచచ్చి నిలబడ్డాడు. చుట్టూ గొర్రెలు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"మన పాప చేసిన ఆట గదా అని గొప్పకు పెట్టినా యశోదా! టీ తాగేటోళ్ళందరికీ వినిపించినా. ఇట్లయితాదని నాకేం తెలుసు?"

"నీ తప్పు కాదులే మామా" అంది యశోద. ఎవరి తప్పో ఆమెకు తెలుసు.

రాఘవమ్మ చచ్చిన గొర్రె పక్కన కూర్చుని దాని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. కూతుర్ని తిట్టి ఉంటే బాగుండేది.

"నీ ఫోన్లో దాచుకుంటావనుకుని అరిసినా గదే. ఊరికంతా పంచుతానని ఒక్క మాటన్నా చెప్పినావా?"

మస్తానయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, మెల్లగా అసలు సంగతి చెప్పాడు.

"ఈ పొద్దు బాలకృష్ణ. ఆయప్ప మనోడు. రేపు యెవడో వ్యాను తెచ్చి చీకట్లో రోడ్డు పక్కన నిలబెట్టి ఫోన్ నొక్కినాడనుకో. మందంతా తనంతట తనే పోయి యెక్కుతాది. మన కుక్క కూడా మొరగదు, మీ అమ్మ గొంతే గదా! పొద్దున్నే లేసి మనం దేన్ని మేపాల?"

యశోదకు తన చేత్తో తనే ఇంటి తలుపు ఊడబీకి రోడ్డు మీద పెట్టినట్టయింది.

అక్కడికక్కడే ఆట తీసేసింది. ఆటపాకలో జరిగింది జరిగినట్టు రాసి, ఆ గొంతు ఎవరి దగ్గరున్నా చెరిపేయమని వేడుకుంది. పావని ఒక్కొక్కరికీ విడిగా చెప్పింది. గుంపువాళ్ళు మంచివాళ్ళే, చాలామంది చెరిపారు. కానీ రీలు ఎప్పుడో గుంపు దాటిపోయింది. ఎక్కడో ఎవరో పెళ్ళి డాన్సుకు అతికించారు, ఇంకెవరో రింగ్‌టోన్ చేసుకున్నారు. తీసేయమని అడిగితే ఒకడు "గొర్రెలకు కూడా ప్రైవసీయా అక్కా" అని నవ్వే బొమ్మలు పెట్టాడు. వాణ్ణి ఈ రోడ్డు మీదికి తెచ్చి నిలబెట్టాలన్నంత కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం? నెట్ గురించి అన్నేళ్ళు రాసింది తనే. అందులోకి పోయినది వెనక్కి రాదని పదిమందికి చెప్పిందీ తనే. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోయిందో!

పోయిన గొంతును వెతికి పట్టుకోవడం మానేసింది. "మంద చెవే మారుద్దాం" అంది తల్లిదండ్రులతో.

రాఘవమ్మ ఇంకో రకంగా పిలిచి చూసింది. గొర్రెలు వచ్చాయి. ఫోన్‌లో పాత పిలుపు పెట్టారు. దానికీ వచ్చాయి. ఆమె ఎలా పిలిచినా వాటికి ఆమె గొంతే గుర్తు. ఆ గొంతును అవి మరిచిపోవాలి. అంటే రాఘవమ్మ మంద దగ్గర నోరు విప్పకూడదు. మస్తానయ్య గొంతు పనికిరాదు, అది అదిలించే గొంతు, వినగానే దూరం జరుగుతాయి. ఇక మిగిలింది ఒక్కతే.

"ఆడపిల్లకు నేర్పొద్దని మా అత్త ఒట్టేయించుకున్యాది" అంది రాఘవమ్మ.

"నీ అత్త పిలుపు నాకొద్దమ్మా. అది ఇప్పుడు ఊరందరిదీ. నాది నేనే తయారుచేసుకుంటా."

"రేపు నువ్వు పెండ్లయి పోతే? మంద గతేంది?"

"నేను యాడికి పోవాల్నో నేను చెప్తా. నా పని ఫోన్లో, యాడుండైనా చేసుకుంటా. మంద చెడగొట్టింది నేనే, బాగుచేసేదీ నేనే. చేసేదాకా కదల్ను."

మస్తానయ్య భార్య వైపు చూశాడు. "చెయ్యనీయే" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాటల కోటా అయిపోయింది.

మనుషుల్ని ఆట ఎలా మచ్చిక చేసుకుంటుందో యశోద ఒకప్పుడు బ్లాగులో పెద్ద వ్యాసమే రాసింది. ముందు ఒక చప్పుడు, వెంటనే ఒక బహుమానం. ప్రతిసారీ ఇస్తారు, అలవాటయ్యాక అప్పుడప్పుడే ఇస్తారు. వస్తుందో రాదో తెలియని బహుమానం కోసమే మనిషి వేలు ఆ బటన్ వదలదు. అది మోసమని ఆ వ్యాసంలో దుమ్మెత్తిపోసింది. ఇప్పుడు అదే మోసం సంచిలో వేసుకుని చేలోకి దిగింది. సంచిలో తుమ్మకాయలు. గొర్రెలకు వాటిని మించిన జిలేబీ లేదు.

మొదట్లో ఆమె పిలిస్తే తల్లి చచ్చిన పిల్ల ఒక్కటే వచ్చేది, అది కూడా పాలసీసా కోసం. మిగతావి తుమ్మకాయల వాసనకు వచ్చి, తిని, మూతులు నాక్కుని ఆమెను చూడకుండా పోయేవి. యశోద గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగి మళ్ళీ పిలిచింది. ఎండకు మొహం కమిలింది. కంపెనీ పని పొద్దున్నే ముగించి, ఫోన్ ఇంట్లో పడేసి చేలోకి వచ్చేది. ఆటపాకలో ఏం జరుగుతోందో చాలా రోజులు ఆమెకు తెలియదు. తెలియకపోయినా బతకవచ్చని తెలిసి కొంచెం సిగ్గుపడింది కూడా.

ఆమెకంటే కష్టం రాఘవమ్మది. మందలో నడుస్తూ మూగదానిలా ఉండాలి. గొర్రెలు వచ్చి ఆమె చేతులకు మూతులు రాసి, పిలవవేం అన్నట్టు చూసేవి. ఒకనాడు నాలుగు గొర్రెలు పక్క మిరప చేలో పడ్డాయి. ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చేవే. రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ముళ్ళలో పడి పరుగెత్తి వాటిని తోలుకొచ్చింది. ఆ మిరప చేనాయన తిట్టిన తిట్లన్నీ నోరెత్తకుండా పడింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మాత్రం వాటిని రెట్టింపు చేసి గోడకు అప్పజెప్పింది.

కొన్నాళ్ళకు పరీక్ష పెట్టారు. సగం మంద యశోద వైపు, సగం ఫోన్ వైపు పోయింది. యశోద ఏడవలేదు. "సగం వచ్చినాయి గదా నాయనా" అని తండ్రితో అని, మర్నాడు తుమ్మకాయలకు మస్తానయ్యను కొండ దాకా తరిమింది. ఇప్పుడు కాయలు అప్పుడప్పుడే పెట్టింది. పిలిచిన ప్రతిసారీ అవి ఆశగా రాసాగాయి. ఆ తర్వాత ఆశ కూడా లేకుండా వచ్చాయి. ఒకరోజు ఆమె ఖాళీ చేతుల చుట్టూ మూగి ఊరికే నిలబడ్డాయి. అప్పుడు తల్లితో మళ్ళీ పరీక్ష పెడదామంది.

కంది మోళ్ళ మీద ఎండ ఇంకా ఎక్కలేదు. రోడ్డు వైపు గట్టు మీద రాఘవమ్మ ఫోనూ స్పీకరూ పట్టుకుని నిలబడింది. ఆమె వెనక రంగయ్య, బాలకృష్ణ చేతులు చాచి రోడ్డుకు అడ్డం. మధ్యలో మంద. కొండ వైపు చివర యశోద.

రాఘవమ్మ ఫోన్ నొక్కింది. "బ్ర్‌ర్‌ర్... హోయ్... దాయే, దాయే!" చేనంతా ఆ గొంతే. గొర్రెలు తలలెత్తి అటు చూశాయి. యశోద రెండు అరచేతులు నోటి చుట్టూ పెట్టి తన పిలుపు పిలిచింది. మంద ఒక్క క్షణం నిలబడి, ఇటు తిరిగింది. ముసలివి, చూలుతో ఉన్నవి, పిల్లలు అన్నీ కొండ వైపే నడిచాయి.

రాఘవమ్మ గొంతు ఆమె చేతిలో మోగుతూనే ఉంది. ఎదురుగా గొర్రెల వీపులే ఉన్నాయి. యశోదకు దూరం నుంచి తల్లి కనిపించింది, ఒక్కతే, స్పీకరు పట్టుకుని. ఆమె పిలవడం ఆపేసింది. పిలిచేవాళ్ళు లేక మంద దారిలో నిలిచిపోయి దిక్కులు చూసింది.

రాఘవమ్మ ఫోన్ ఆపేసింది. ఇన్నాళ్ళ మౌనమూ మరిచిపోయి గొంతు చించుకుని అరిచింది.

"ఏమే, యెందుకు ఆపినావు? పిలువు! కడపటివి ఇంకా రాలే, పిలువు!"

అరిచాక గానీ ఆమెకు గుర్తు రాలేదు. చప్పున నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కానీ ఆ అరుపుకు ఒక్క గొర్రె కూడా వెనక్కి తిరగలేదు. ఆమె చేయి మెల్లగా దించి, అలాగే చూస్తూ నిలబడింది.

యశోద కళ్ళు తుడుచుకుని మళ్ళీ పిలిచింది.