ఛాయాజనుల సమ్మతి

హేమంతప్రభాతమున మంచుతెరలు విడివడకమున్నే వీథిపొడవున సాగదీసిన పడుగులకు గంజి పట్టించుచు మాధవవరపు నేతగాండ్రు పనులకు గడంగిరి. పెండ్లిండ్లకాలము సమీపించెను గావున పగటినేత చాలక వారు రాత్రులందును విద్యుద్దీపముల వెలుతురున మగ్గము లాడించుచుండిరి.

ఆ గ్రామమునకు వర్షాకాలమున శశిభూషణుడను విద్యుత్ప్రణాళికాధికారి యరుదెంచి తిరువేంగళమ్మ యను నేతగత్తె యింట కొన్నాళ్లు వసించియుండెను. కంప్యూటరునందు ఛాయాగ్రామము నొకదానిని గల్పించి నిజజనుల నడవడిగల ఛాయాజనుల నందు నిలిపి రాబోవు కాలమున నే యూరి కెంత విద్యుత్తు వలయునో నిర్ణయించుట యాతని విద్య. ఆమె యాతనికి కొసరి కొసరి వడ్డించుచు తమ బ్రతుకంతయు విప్పిచెప్పెను. వానలకు మగ్గపుగుంటలలో నీరూరి నేత యాగినపుడు మూడిండ్లవా రొక యింట జేరి యొక్కదీపము క్రింద పొద్దుపుచ్చుట యా వీథియాచారము. దానిని జెప్పి మురిసి, చలికాలమున మాత్రము ప్రతిమగ్గమునకును వేఱుదీపము వలయునని గూడ నామె తెలిపెను.

"అన్నీ ఎక్కించుకున్నాను పిన్నీ. మీ వీధికి అన్యాయం జరగదు" అని యాతడు పలికెను. తనచేతి యన్నము దిన్నవాని మాట నమ్మక యామె యేమి చేయును?

ఆ హేమంతముననే మండలకార్యాలయమున జనులను సమావేశపఱచి యధికారులు తెరమీద ఛాయాగ్రామమును జూపిరి. అందు తిరువేంగళమ్మ యిల్లుండెను. ఆమెను బోలిన బొమ్మ యొకటి ప్రొద్దుగ్రుంకగనే తన దీప మార్పి నవ్వుమొగముతో పొరుగింటికి బోవుచుండెను. మూడిండ్లకు వంతులచొప్పున నొక యింటికే రాత్రివిద్యుత్తు చాలునని, ఛాయాజనులలో నొక్కరును బాధపడలేదని, ఆ రాత్రినుండియే యట్లు జరుగునని పెద్దయధికారి ప్రకటించెను.

"అది నేనేనా నాయనా?" అని తిరువేంగళమ్మ తెరప్రక్క నిలిచిన శశిభూషణు నడిగెను.

"మీరే పిన్నీ."

"మరి మగ్గమెక్కదేం?"

శశిభూషణుడు తలవంచెను. "చలికాలపు నేత నేనే తీసేశాను. అదుంటే పట్నంలో కొత్త ఫ్యాక్టరీకి కరెంటు చాలదన్నారు పైవాళ్లు."

మఱచెనేమో యని యంతవఱకు నామె యాశపడియుండెను. ఎఱిగియే చేసెనని వినినంతనే యామె గుండె భగ్గుమనెను. తాను ప్రేమతో జెప్పుకొన్న మాటతోడనే వీడు తన గొంతు గోసెను గదా!

"అన్నం పెట్టింది నేను. ఒప్పుకున్నది ఆ బొమ్మ. ఇక నా చీరెలు కూడా దాన్నే నేయమను" అని యామె వెడలిపోయెను.

ఆ రాత్రి వంతు పొరుగింటిది. సగము నేసిన పెండ్లిచీరె యెదుట చీకటిలో నామె మగ్గపుగుంటలో గూర్చుండెను. "రా వదినా, ఒక్కదానివే ఏం చేస్తావక్కడ?" అని పొరుగింటి యిల్లాలు దీపమువెలుగున వాకిట నిలిచి పిలిచెను.

ఏండ్లతరబడి యా పిలుపునకు సంతోషముతో లేచిపోయిన తిరువేంగళమ్మ యా రాత్రి లేవలేదు. లేచి నవ్వుచు పొరుగింటి దీపము క్రిందికి బోయినచో తెరమీది బొమ్మ నిజమగును.