చిరిగితే గెలిచే పోస్టరు

అరిమురా గారి పోస్టర్లు చిరిగిన ప్రతి ఎన్నికలోనూ ఆయనే గెలిచారు. ఆయన ప్రచార కార్యాలయంలో ఈ మాట గర్వంగా చెప్పుకుంటారు. గోడ మీద గెలుపు ఫోటోలు వరుసగా ఉంటాయి. ప్రతి ఫోటో కిందా ఆ ఏడు చిరిగిన పోస్టరును అద్దంలో బిగించి పెట్టారు.

నేను అక్కడ టీ పోసేదాన్ని. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ప్రచారం చేయకూడదు కాబట్టి నాకు ఇంకో పని లేదు. కొండల్లోని మా ఊళ్ళో బడి చదువు అయిపోయాక హైస్కూలు కోసం ఒసాకా వచ్చి తోమోఎ అత్త దగ్గర ఉంటున్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. టీ పోసే పిల్లను ఎవరూ ఏమీ అడగరు, అందుకే ఆ పని నచ్చింది.

అత్త బజారు వీధిలో కట్లెట్లలాంటి బంగాళాదుంప కొరొక్కెలు వేయించి అమ్ముతుంది. మా వీధి మొన్నటిదాకా పక్క నియోజకవర్గంలో ఉండేది. ఈసారి హద్దులు మార్చి, కాలువ ఒడ్డునున్న మమ్మల్ని అరిమురా గారి వైపు కలిపారు. మామయ్య బతికున్నన్నాళ్ళూ అవతలి పార్టీకి పోస్టర్లు అంటించేవాడు. ఇప్పుడు వీధి సంఘమంతా అరిమురా గారి వెనక ఉంది. వీధివాళ్ళు కొంటేనే మా దుకాణం నడుస్తుంది. అందుకని అత్త రోజూ సాయంత్రం కార్యాలయానికి వచ్చి ఓటర్లకు ఫోన్లు చేసేది. అయినా ఆమె వెనక గుసగుసలు ఆగలేదు.

కార్యాలయం పెద్ద సకామాకి గారు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చరిత్ర చెప్పేవారు.

"పూర్వం ఇక్కణ్ణుంచి ముగ్గురు గెలిచేవాళ్ళమ్మా. మూడోవాడిగా వచ్చినా పార్లమెంటులో కూర్చోవచ్చు. తర్వాత నియోజకవర్గాన్ని ముక్కలు చేసి, ముక్కకి ఒక్క సీటు మిగిల్చారు. అప్పట్నుంచీ మాకు కంటి మీద కునుకు లేదు. మొదటిసారి కష్టం మీద గెలిచాం, పోస్టర్లు చిరిగాయి. రెండోసారి గెలుపు ఖాయమనుకున్నాం, ఎవరూ ముట్టుకోలేదు, ఓడాం. ఆ తర్వాత మళ్ళీ గట్టి పోటీ, మళ్ళీ చిరిగాయి, గెలిచాం."

"చించినవాళ్ళు ఎప్పుడైనా దొరికారా?" అని అత్త అడిగింది.

"దొరికితే ఏం మజా?" అని ఆయన నవ్వారు.

గురువారం సాయంత్రం వెనక గదిలోకి టీ తీసుకెళ్ళాను. అరిమురా గారు అద్దం ముందు నిలబడి ఉన్నారు.

"నా ముఖాన్ని చించగలరేమో, ఈ ఊరితో నా బంధాన్ని చించలేరు!"

"బంధం దగ్గర కాస్త ఆగండి, గొంతు వణకాలి," అంటున్నారు సకామాకి గారు.

టీ పెట్టి వచ్చేశాను. ఏదో పాత ప్రసంగం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మా దుకాణం ఎదుటి పోస్టర్ల బోర్డు మీద మిగతా అభ్యర్థుల ముఖాలన్నీ బాగానే ఉన్నాయి, అరిమురా గారి ముఖం మాత్రం నిలువునా చిరిగి ఉంది. సాయంత్రానికి కార్యాలయం కిటకిటలాడింది.

"తోమోఎ గారూ," అన్నారు సకామాకి గారు, "వీధిలో అందరికన్నా ముందు షట్టరు తీసేది మీరే కదా?"

"అయితే?"

"నేనేమన్నానని? రేపట్నుంచి ఇంటి పట్టున ఉండండి. మీకూ విశ్రాంతి కావాలి."

"వాళ్ళాయన చేతి జిగురు ఇంకా ఆరినట్టు లేదు," అంది చేపల కొట్టావిడ. నలుగురు నవ్వారు. అత్త చేతిలోని ఫోను మెల్లగా కింద పెట్టింది.

అప్పుడే అరిమురా గారు గుమ్మంలో మైకు పట్టుకుని మొదలుపెట్టారు. నా ముఖాన్ని చించగలరేమో, అన్నారు. బంధం దగ్గర ఆగారు. గొంతు వణికింది. బయట చప్పట్లు మోగాయి. ఆయన లోపలికి రాగానే టీ ట్రే బల్ల మీద పెట్టాను.

"ఈ మాట నేను నిన్ననే విన్నాను," అన్నాను. "పోస్టరు చిరగకముందు."



"మీ అత్త నేర్పిందా?" అన్నారు సకామాకి గారు.

అరిమురా గారు చిరునవ్వు నవ్వారు. "పిల్ల విన్నది నిజమే. ప్రతి ఎన్నికకీ ముందే సాధన చేసుకుంటాను. ఎవడో ఒకడు చించుతాడుగా."

మొదటి ఎన్నిక నుంచీ ప్రచార కారులో తెల్ల చేతితొడుగులతో చేయి ఊపుతున్న హత్సుఎ గారు మూలనుంచి అడిగింది: "ఓడిపోయిన ఏడు కూడా సాధన చేశారా? అప్పుడెవరూ చించలేదే?"

ఆయన గోడ మీది ఫోటోలకేసి చూశారు. సకామాకి గారు నావైపు తిరిగి, "టీ చల్లారిపోయింది, వేడిది తీసుకురా," అన్నారు.

శనివారం మా దుకాణం ముందు ఎవరూ ఆగలేదు. చేపల కొట్టావిడ వీధికి ఆ పక్కనుంచి నడిచివెళ్ళింది. మధ్యాహ్నం ప్రచార కారు వచ్చి ఆగింది. హత్సుఎ గారు దిగి, వీధంతా వినబడేలా కేకేసింది.

"తోమోఎ గారూ, రెండు కొరొక్కెలు! వేడివేడిగా. ఇక్కడే తింటాను."

చేతితొడుగులు తీసి, ఊదుకుంటూ తింది. కాసేపటికి చేపల కొట్టావిడ కూడా వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొందరు చేరారు. కారు ముందు సీటులోంచి సకామాకి గారు ఆ వరుసకు చేయి ఊపుతున్నారు.

"ఈవిడ మనకోసం దిగిందంటావా, వాళ్ళే దింపారంటావా?" అని అత్త నా చెవిలో అడిగింది.

"తెలీదత్తా."

"ఓట్లు అయిపోయాక కూడా వస్తే అప్పుడు చూద్దాం."

ఆదివారం అరిమురా గారు కొద్ది తేడాతో గెలిచారు.

సోమవారం హత్సుఎ గారు నిజంగానే వచ్చింది. ప్రచార కోటు లేదు, చేతితొడుగులు లేవు. అత్త ముఖం మొదటిసారి విప్పారింది. అడక్కుండానే రెండు కొరొక్కెలు కాగితంలో పెట్టి ఇచ్చింది. ఆవిడ తిని, వేళ్ళు తుడుచుకుంటూ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ రోజు ఆఫీసులో చెప్పిన మాట బయట ఇంకెవరితోనైనా అన్నావా తల్లీ?"

అత్త పట్టకారు నూనె మీదే ఆగిపోయింది.

"లేదండీ," అన్నాను.

"మంచి పిల్లవి. తోమోఎ గారూ, ఆఫీసుకి ఇరవై కొరొక్కెలు పొట్లం కట్టండి. రేపట్నుంచి రోజూ మీ దగ్గరే."

అత్త నావైపు చూడలేదు. ఇరవై లెక్కపెట్టి పొట్లం కట్టింది.