మూత పెట్టిన గొంతు

మా వంటింటికి రెండు కిటికీలు మొలిచాయి, ఎడమ గోడకొకటి, కుడి గోడకొకటి. ఎడమ కిటికీలోంచి మూత పెట్టిన గిన్నె వస్తుంది. కుడి కిటికీలో పెడితే వెళ్లిపోతుంది. అవతల కనిపించేది గాజుల చెయ్యి ఒక్కటే. ఎవరి చెయ్యని అడగడం మర్యాద కాదు.

గిన్నెల్లో గొంతులుంటాయి. మూత తీస్తే మాట్లాడతాయి. విన్నాక నా వంతుగా గరిటెడు పప్పు వేసి పంపుతాను. గిన్నె ఖాళీగా పంపకూడదు కదా. నాలుగు వంటిళ్లు తిరిగేసరికి ఆ గొంతు ఏ ఇంటిదో పోపు వాసన కూడా చెప్పలేదు. చెప్పడానికేమీ లేనివాళ్లు ఉత్త పప్పే పంపుతుంటారు, ఏ గిన్నెలో గొంతుందో బయటివాళ్లు పోల్చుకోకుండా.

ఈ పొద్దున వచ్చిన గొంతు అంటుంది: "మూడో అంతస్తు కనపడటం లేదు, చూశారా? సెక్రటరీ భుజంగరావు అమ్మేశాడు. మనుషులతో సహా."

నిజమే. లిఫ్టు రెండు దాటితే నాలుగులో ఆగుతోంది. లిఫ్టుకు తొందర ఎక్కువైందనుకున్నాను.

మూత పెట్టబోతూ గిన్నె అంచు చూస్తాను. పెళ్లికి పెట్టిన స్టీలు గిన్నె. 'మాడుగుల సువర్చల' అని చెక్కి ఉంది. పిచ్చితల్లి! గొంతు దాచింది, వాసన దాచింది, పుట్టింటివాళ్లు చెక్కించిన పేరు దాచడం మరిచిపోయింది.

అప్పటికే భుజంగరావు గారు హాల్లో ఉన్నారు. ఆయనకు ముందు ముక్కు వస్తుంది, తర్వాత మనిషి వస్తారు.

"ఆ గిన్నె ఇలా ఇవ్వమ్మా. కూసిందెవరో తెలియాలి. ఆవిడ ఫ్లాటుకూ బేరం కుదిరింది, ఆవిడతో సహా."

"అంటుగిన్నె చేతికిస్తే ఏం బావుంటుందండీ! ఉండండి, తోమి ఇస్తాను."

పీచుతో తోముతాను. 'సు' ముందు ఊడుతుంది. మిగతా అక్షరాలు దాని వెనకే సింకులోకి ఈదుకుంటూ పోతాయి. గట్టు మీది నా గిన్నెల పేర్లూ ఊడతాయి. పక్కింట్లో పీచు చప్పుడు, ఆ పక్కింట్లోనూ. బిల్డింగంతా తోముతోంది. నా పేరు నాలుక మీంచి జారిపోవడం తెలుస్తూనే ఉంది. పెద్ద నష్టమేం కాదు. మా ఆయన ఎలాగూ 'ఏమోయ్' అనే పిలుస్తారు.

భుజంగరావు గారు గిన్నె తిప్పి తిప్పి చూస్తారు. ఆయన మొహమే కనిపిస్తుంది.

"నీ పేరేంటి?"

"ఇప్పటిదాకా ఉండేదండీ."

"ఇది పంపిందెవరు?"

"పక్కావిడ."

"ఆవిడ పేరు?"

"పక్కావిడేనండీ."

"మీ అందరి సంగతీ చూస్తా!" అంటూ ఆయన ఎడమ కిటికీలోకి దూరతారు. ప్రతి వంటింట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒక్కో ఇల్లు దాటేకొద్దీ ఆయన గొంతు సన్నబడుతుంది.

కాసేపటికి ఎడమ కిటికీలోంచి గిన్నె వస్తుంది. మూత తీస్తాను. భుజంగరావు గారు ఉసిరికాయంత ఉన్నారు, మెడ దాకా పప్పులో.

"నన్ను పంపిందెవరు?" అని అరుస్తున్నారు.

"పక్కావిడేనండీ."

గరిటెడు పప్పు వేసి మూత పెడతాను.

కుడి కిటికీలో గాజుల చెయ్యి సిద్ధంగా ఉంది. దాని వెనక, గాల్లో తేలుతూ, మూడో అంతస్తు. అందరూ విస్తళ్లు వేసుకుని బంతిగా కూర్చున్నారు. ఎవరి మొహానా కళ్లూ ముక్కూ లేవు. నోళ్లు మాత్రం ఉన్నాయి.