కుర్చీ వసూలు

అప్పులు వసూలు చేసేవాళ్ళలో అరిచేవాళ్ళుంటారు, బతిమాలేవాళ్ళుంటారు, ఫోన్లో ఏడిపించేవాళ్ళుంటారు. మౌనస్వామి వీళ్ళలో ఎవరి కోవకీ చెందడు. ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. బాకీపడ్డవాడి దుకాణానికి పొద్దున్నే వెళ్తాడు, నమస్కారం పెడతాడు, ఓ పక్కన కూర్చుంటాడు. అంతే, ఇక నోరు విప్పడు. మధ్యాహ్నానికల్లా పక్క కొట్లవాళ్ళు తొంగిచూడ్డం మొదలవుతుంది. ఊరక రారు మహానుభావులు కదా! బేరానికి వచ్చినవాళ్ళు గుసగుసలాడుకుంటారు. పొద్దుగూకేసరికి బాకీపడ్డవాడు సిగ్గుతో చచ్చి, ఎక్కడో చేబదులు పుట్టించి వాయిదా చేతిలో పెడతాడు. తిట్టింది లేదు, కొట్టింది లేదు. ఇంత సాత్వికమైన దుర్మార్గం లోకంలో ఇంకోటి లేదని అతనికే అప్పుడప్పుడు అనిపించేది. అనిపించినా జీతం తీసుకోవడం మానలేదనుకోండి.

కానీ ఈమధ్య జనానికి సిగ్గు తగ్గింది. ఒకావిడైతే చంటిపిల్లను అతని ఒళ్ళో పడేసి, "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా అన్నయ్యా, కాస్త చూస్తుండు" అని బజారుకెళ్ళిపోయింది. ఆ రోజు వసూలైంది తడిసిన ప్యాంటు ఒక్కటే.

మేనేజరు పిలిచి, ఓ సెలూన్ బాకీ అప్పగించి ఆఖరి మాట చెప్పాడు. "సెలూన్ వాయిదా తెస్తావో, సెలూన్ కుర్చీ తెస్తావో, నీ ఐడీ కార్డే తెస్తావో నాకు తెలీదు. శనివారానికి ఏదో ఒకటి నా బల్లమీద ఉండాలి."

ఈ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. భార్యకు నెలలు నిండుతున్నాయి. సంపాదన ఒక్కడిదే. ఆ ఉద్యోగం ఊడితే పురిటి ఖర్చుకు తనూ ఏ అప్పులవాడి గుమ్మమో ఎక్కాలి. ఆ తర్వాత తన గుమ్మంలో ఎవరొచ్చి కూర్చుంటారో అతనికి బాగా తెలుసు.

ఆ సెలూన్ ఆయన్ని వీధంతా బాబాయి అంటుంది. ఎదురుగా గాజు తలుపుల సెలూన్ ఒకటి వెలిసింది. దాంతో పోటీపడాలని బాబాయి అప్పుచేసి, పైకీ కిందికీ లేచే పెద్ద కుర్చీ కొన్నాడు. కుర్చీ వచ్చింది గానీ, కూర్చునేవాళ్ళు రాలేదు.

సోమవారం మౌనస్వామి వెళ్ళి తలుపు పక్క బల్లమీద కూర్చున్నాడు. బాబాయి అతన్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వెవరో, ఎందుకొచ్చావో నాకు తెలుసులే నాయనా. కానీ నన్ను సిగ్గుపరచాలంటే నలుగురు ఉండాలి కదా? ఆ నలుగురే వస్తుంటే నీ బాకీ ఎప్పుడో తీర్చేసేవాణ్ణి."

మౌనస్వామి బల్లమీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

కాసేపటికి దారినపోయే పెద్దమనిషి ఒకాయన లోపలికి చూశాడు. ఎవరో వంతు కోసం కూర్చున్నారంటే పనితనం ఉన్నట్టే అనుకున్నాడు కాబోలు, వచ్చి బల్లమీద చేరాడు. ఇద్దరు కూర్చున్నారని మూడోవాడు వచ్చాడు. "మీరు ముందొచ్చారు కదండీ" అని ఎవరైనా మర్యాద చేస్తే, మౌనస్వామి మీరే కానివ్వండన్నట్టు చెయ్యి ఊపేవాడు. పాపం ఎంత మంచివాడో అనుకునేవాళ్ళు. బుధవారానికి బల్ల నిండిపోయింది. బాబాయి పక్కింటివాళ్ళ స్టూలు అరువు తెచ్చాడు.

"ఎదురు కొట్టుకి ఏసీ ఉంది," అన్నాడు కత్తెర ఆడిస్తూ. "నాకు నువ్వున్నావు."

జరుగుతున్నదేమిటో మౌనస్వామికి తొలిరోజే తెలిసింది. తెలిసీ కదల్లేదు. ఇలాగే సాగితే శనివారానికి వాయిదా చేతికొస్తుంది, ఆయన కుర్చీ ఆయనకుంటుంది, తన ఉద్యోగం తనకుంటుంది. చాలా రోజుల తర్వాత ఇంట్లో కడుపునిండా తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం మేనేజరు ఇద్దరు కూలీలతో, ఒక ట్రాలీ ఆటోతో దిగాడు. గుమ్మంలో నిలబడి బల్ల చివరినుంచి చివరిదాకా చూశాడు.

"సోమవారం ఫోన్లో బేరాల్లేవని ఏడుస్తున్నాడన్నావే! ఇది సెలూనా, సంతా?" మౌనస్వామి మీద విరుచుకుపడి, బాబాయివైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ మా చెవిలో పువ్వులు పెట్టావన్నమాట. ఒక్క వాయిదా కాదు, బాకీ మొత్తం ఇప్పుడే కట్టు. లేదంటే కుర్చీ ఎత్తిస్తాను."

ఆ గొంతు వీధి చివరిదాకా వినపడింది. బాబాయి చేతిలో కత్తెర ఆగిపోయింది. బల్లమీదివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయనకు ఏదో పని గుర్తొచ్చింది. ఇంకొకాయనకు ఫోనొచ్చింది, మోగకుండానే. చూస్తుండగానే బల్ల ఖాళీ అయింది. కుర్చీలో ఉన్నాయన కూడా తువ్వాలుతో మెడ తుడుచుకుని, డబ్బులిచ్చి తల దించుకుని వెళ్ళిపోయాడు.

బాబాయి ముఖం చూడలేకపోయాడు మౌనస్వామి. ఇన్నేళ్ళూ తను ఊరూరా చేసింది ఈ పనే. కాకపోతే మేనేజరు నోరు తెరిచి చేశాడు, తను మూసుకుని చేశాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

కూలీలు చేతులు దులుపుకుని ముందుకొచ్చారు. మౌనస్వామి లేచి, వాళ్ళకంటే ముందు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"బాబాయ్, గడ్డం చెయ్యి."

ఆ వారమంతా అతని గొంతు వినని బాబాయి ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఒక్క మాట అడక్కుండా బ్రష్ తీసి సబ్బు నురగ పట్టించాడు.

"లేవయ్యా! మతిపోయిందా?" అన్నాడు మేనేజరు.

"మనిషి కూర్చుని ఉండగా వస్తువు ఎత్తకూడదు సార్. ఆఫీసు వేళ దాటాక గుమ్మం తొక్కకూడదు. రెండూ మన కంపెనీ పెట్టుకున్న నియమాలే." నురగలోంచి అతని మాట నెమ్మదిగానే వచ్చింది. "ఈయనకు నిజంగానే బేరాల్లేవు సార్. నేను కూర్చున్నానని జనం వచ్చారు. నన్ను కూర్చోమంది మీరు. ఈ నెల వాయిదా ఈయన దగ్గరుంది, తీసుకోండి. కుర్చీ పట్టుకెళ్తే పై నెలనుంచి మీకు వాయిదా రాదు, ఈయనకు కూడు ఉండదు."

"నీ కార్డు నా బల్లమీద పెట్టి, ఆ తర్వాత చెప్పు నీతులు."

"పెడతాను సార్."

బాబాయి ఒక చెంప గీశాడు. గీసిన చెంపకే మళ్ళీ నురగ పట్టాడు. కత్తి నూరాడు, వేలితో చూసుకున్నాడు, మళ్ళీ నూరాడు. మేనేజరు గడియారం చూసుకుంటూ గుమ్మంలో అటూ ఇటూ తిరిగాడు. ఆటోవాడు కిరాయి పెరుగుతోందని గుర్తుచేశాడు. కూలీల్లో ఒకడు బల్లమీద చతికిలబడి, "అయ్యగారూ, ఎలాగూ ఆలస్యమయ్యేట్టుంది, నేనూ ఓ కటింగ్ చేయించుకోనా?" అన్నాడు. దాంతో మేనేజరుకు ఓపిక అయిపోయింది. వాయిదా డబ్బు గుంజుకుని, రశీదు గిలికి పడేసి, మళ్ళీ వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాడు.

బాబాయి కిందపడ్డ రశీదు తీసి అద్దం వెనక దోపాడు.

"నువ్వు ఇక్కడ కూర్చోకపోతే మీ మేనేజరు వచ్చేవాడే కాదు," అన్నాడు బాబాయి, రెండో చెంప మొదలుపెడుతూ.

"నేను కూర్చోకపోతే వాయిదా కూడా పోగయ్యేది కాదు."

"అదీ నిజమేలే. పై నెల ఎవణ్ణి పంపుతారో?"

"ఎవణ్ణి పంపినా వీధిలోకి కనిపించేలా కూర్చోబెట్టు."

బాబాయి నవ్వాడు, కత్తి పక్కకు తీసి మరీ నవ్వాడు. నవ్వు ఆగాక, "ఇంట్లో మీ ఆవిడకి ఏం చెప్తావు నాయనా?" అని అడిగాడు.

మౌనస్వామి అద్దంలోంచి ఆయనవైపు చూశాడు. "ఇన్నేళ్ళూ నోరు మూసుకుని సంపాదించాను, ఒక్కపూట నోరు తెరిచేసరికి పోయిందని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియట్లేదు. భయంగా ఉంది బాబాయ్."

బాబాయి అతని ముఖం తుడిచి, డబ్బులు తియ్యబోయిన చేతిని పట్టుకుని ఆపాడు. "ఇప్పుడే వెళ్ళకు. కాసేపు కూర్చో."

అతను మాత్రం కూర్చోలేదు. ఇంట్లో చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటూ ఇంటిదారి పట్టాడు.