ఉత్త క్యాబేజీ ట్రే

పోశయ్యకు అనుమానం పుట్టిందంటే అన్నం సయించదు. ఆ శుక్రవారం ఇమామ్ హుస్సేన్ సంచిలోంచి సాసేజ్‌ల పొట్లం తీయగానే మొదలైంది.

"ఏం మాంసమే అది, భాయ్?"

"కోడిదేలే పోశన్నా. మేడం సెలవు మీద వాళ్ల దేశం పోతా ఫ్రిజ్ ఖాళీ చేసి ఇచ్చింది. దొరలు తినేది ఎట్టుంటదో చూడాలంటివి గదా, ఈపూట చేసిపెడతా."

నెల్లూరు ఇమామ్ హుస్సేన్ ఒక ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో వంటవాడు. జగిత్యాల వైపు పోశయ్యది వెల్డింగ్ షెడ్డులో పని. దుబాయ్ పక్కన అజ్మాన్‌లో ఇద్దరికీ ఒకే గది, ఒకే గిన్నె. పోశయ్య ఇంట్లో పెద్దకూర గడప తొక్కదు. అందుకని ఎద్దుమాంసం తనకెంత ఇష్టమైనా ఇమామ్ హుస్సేన్ గదిలోకి తెచ్చేవాడు కాదు, మేకమాంసమే వండేవాడు. ఇన్నేళ్లూ పోశయ్య కళ్లు మూసుకుని తిన్నాడు. కానీ నూరి తొడుగులో కూరేసిన మాంసం దేనిదో ఎవడు చెప్పొచ్చాడు?

ఇమామ్ హుస్సేన్ క్యాబేజీ తరిగి, వేడినీళ్లలో వేసి తీశాడు. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, మిరియాలపొడి వేసి చిక్కబరిచాడు. ముందు చిన్న ట్రేలో ఉత్త క్యాబేజీ సర్ది, పైన ఆ చిక్కటి పాలు పోసి దూరంగా పెట్టాడు. తర్వాత పెద్ద ట్రేలో క్యాబేజీ మధ్య సాసేజ్‌లన్నీ పేర్చి, మిగతా పాలు పోసి, సబ్బుతో చేతులు తెగ రుద్ది కడిగాడు. పోశయ్య అదీ చూశాడు.

"రెండెందుకే?"

"చిన్నది నాకు. కడుపు బాలేదన్నా."

మధ్యాహ్నం రెండు పళ్లేల బిర్యానీ లాగించినవాడికి కడుపు బాలేదట!

వీధి చివర ఇరానీవాడి రొట్టెల బట్టీలో ట్రేలు పెట్టించి, తెచ్చే పని పోశయ్యకు అప్పజెప్పి, ఇమామ్ హుస్సేన్ పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు వెళ్లాడు. పైన ఎర్రగా కాలిన ట్రేలు గదికి తెచ్చుకుని పోశయ్య లెక్కలేశాడు. పంది అయితే భాయ్ చేత్తో ముట్టేవాడే కాదు. కాబట్టి పెద్దకూరే. నా ఎదుట తినడానికి మొహం చెల్లక కడుపు వంక పెట్టాడు, దొంగ. వాడిది వాడికే పెడితే సరి, ఇష్టమైన కూర నమిలేటప్పుడు మొహం చూస్తే తెలిసిపోతుంది. ఒక సాసేజ్ తుంచి చిన్న ట్రేలో క్యాబేజీ కింద దోపి, చెంచాతో పైన చదును చేశాడు.

ఇమామ్ హుస్సేన్ వచ్చి, బిస్మిల్లా అని తినడం మొదలుపెట్టాడు. మూడో ముద్దకు దవడ ఆగిపోయింది. నోట్లోది అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు.

"ఇది నా దాంట్లోకి ఎట్టొచ్చింది?"

"పెద్దకూర గాదా అది?"

"కోడని చెప్పా గదన్నా. ఏ దేశంలో ఎవరు కోశారో, బిస్మిల్లా చెప్పి కోశారో లేదో. హలాల్ కాంది నేను తినను, నీకా పట్టింపు లేదు. నేను ముట్టనంటే నువ్వూ మానేస్తావని కడుపు సాకు చెప్పా."

 పోశయ్యకు అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది గానీ ఆ మొహం చూసి ఆడలేకపోయాడు.

"నేనే పెట్టిన భాయ్. నువ్వు తింటె పెద్దకూరేనని తెల్సిపోతదనుకున్న. తప్పైంది."

 ఇమామ్ హుస్సేన్ బయట కుళాయి దగ్గర చాలాసేపు పుక్కిలిస్తూనే ఉన్నాడు. పోశయ్యకు ఏడుపొచ్చింది. ఆ ట్రేల వైపు చూడబుద్ధి కాలేదు.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఇమామ్ హుస్సేన్ తన మటుకు వండుకుని తినేశాడు.

"నీ వంతు బియ్యం ఆ డబ్బాలో వేరేగా పోశా పోశన్నా," అన్నాడు, ఎప్పటి గొంతుతోనే.