మాస్టరు నోటికి గుడ్డ

బేకరీ మాస్టరుకి ఆ ఉదయం కాలు ఒకచోట నిలవలేదు. ఓవెన్ తలుపు తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు.

"మాటిమాటికీ తొంగిచూస్తే కేకు పొంగదండీ, సిగ్గుపడి కుంగిపోతుంది" అంది గల్లాపెట్టె ముందు కూర్చున్న భార్య.

"నా గోల నీకు వేళాకోళమే!"

ఆయన గోల షుగరు గురించి. కంటి వెనక రక్తనాళాలు దెబ్బతినడం మొదలైందనీ, షుగరు దిగకపోతే చూపు దక్కదనీ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. కేకుల మీద క్రీముతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసే చెయ్యి ఆయనది. ఆ అక్షరాలే ఈమధ్య ఆయన కళ్ళకు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయి. అందుకే అన్నం, రొట్టె, తీపి మానేశాడు. గుడ్లూ చేపలూ ఆకుకూరలతో సరిపెట్టుకుంటున్నాడు. రాత్రి తిన్నాక మళ్ళీ మధ్యాహ్నం దాకా మంచినీళ్ళే. ఉపవాసానికి తగ్గట్టు మాత్రలు కూడా డాక్టరమ్మే తగ్గించింది.

అయినా చిత్రం, దుకాణం మూసిన రోజున మధ్యాహ్నానికి దిగే షుగరు, తెరిచిన రోజున ఎక్కుతోంది.

"గాల్లోంచి ఎక్కుతోందంటారా?" అంది భార్య.

"షుగరు చూసే మిషనే తప్పు. పచ్చి మంచినీళ్ళు తప్ప గొంతు దిగలేదు. నీ మీద ఒట్టు!"

"నా మీదెందుకు? నేను శుభ్రంగా ఉన్నాను. మీ మీదే వేసుకోండి."

ఆయనకి ఒళ్ళు మండింది. ఉతికిన నల్లగుడ్డ ఒకటి తీసి, ముక్కు కిందనుంచి నోరు మూసుకునేలా బిగించి కట్టాడు. "మధ్యాహ్నం నీ చేత్తో విప్పు. అప్పుడూ ఎక్కితే ఆ మిషన్ని ఓవెన్లో పెట్టి కాలుస్తా."

పనిలో పడ్డాడు. వెన్న గిలకొట్టాడు, పంచదార పొడి కలిపాడు, చాక్లెట్ కరిగించాడు. మనసు మాత్రం గోడ గడియారం చుట్టూ తిరుగుతూనే ఉంది. ముల్లు కదలడం లేదని బల్ల మీద రెండు చరుపులు చరిచాడు.

మధ్యాహ్నం భార్య మిషను పట్టుకొచ్చి వేలు పొడిచింది. అంకె చూసి కళ్ళు పెద్దవి చేసింది. దుకాణం తెరిచిన రోజున అంత కిందికి ఎన్నడూ దిగలేదు.

"చూశావా! నేను చెప్పలా, మిషనే..."

ఆవిడ తళతళలాడే స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చి ఆయన మొహానికి అడ్డంగా పట్టింది.

నల్లగుడ్డ నల్లగా లేదు. సరిగ్గా పెదాల దగ్గర క్రీము మచ్చలు, చాక్లెట్ చారలు, పిండి ముద్రలు ఒకదాని మీద ఒకటి అట్టకట్టి ఉన్నాయి. అన్నీ ఆయన చూపుడువేలివే.

మాస్టరు ఆ వేలిని పరాయివాడి వేలిని చూసినట్టు చూశాడు. "అది... రుచి చూడ్డమే. తినడం కాదుగా" అన్నాడు గుడ్డలోంచి.

"పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నారు. మీకు తెలీకపోవచ్చు, మీ ఒంటికి తెలుసు."

ఆయన బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "చూపు కావాలి, సరే. రుచి చూడకుండా క్రీము ఎలా చెయ్యనే?"

"నాకు నాలుక లేదా?"

"నీకా! ఉప్పుకీ పంచదారకీ తేడా తెలిస్తే గొప్ప."

సాయంత్రం ఎవరి అమ్మాయికో పుట్టినరోజు కేకు. కొత్త క్రీము తయారైంది. మాస్టరు వేలు గిన్నెలో మునిగి, పాత దారినే పైకి లేచింది. మళ్ళీ కట్టుకున్న గుడ్డ దాకా వచ్చి ఆగింది. అటూ ఇటూ ఊగింది. చివరికి తిరిగి, భార్య మొహం ముందుకు చాచుకుని నిలబడింది.

"ఛీ, కొనేవాళ్ళు చూస్తారు! చెంచా లేదూ?"

చెంచా ఇచ్చాడు. ఆవిడ చప్పరించింది.

"బాగుంది."

"బాగుండడమేమిటే! వెన్న ముందు తగిలిందా, తీపి ముందు తగిలిందా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. మాస్టరు ఊపిరి బిగబట్టి, రిపోర్టు కోసం నిలబడ్డ రోగిలా ఆ మూసిన కళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు.