వేదపాఠానికీ నీతిపాఠానికీ మధ్య

నేను ఒక అడ్డుచెక్కను. నాలుగు రెక్కలు, వాటి మధ్య ఇనుప మడతబందులు, అడుగున చక్రాలు. మామిడిచెక్కతో నన్ను చేసిన వీరాచారి, ఆఖరి మేకు కొట్టాక నన్నోసారి ఇటూ అటూ తోసి చూసి, "నీకు ఒకచోట నిలిచే రాత లేదే" అన్నాడు. ఆయన నోటి చలవ, పనిలో ఉన్నన్నాళ్ళూ నిలవలేదు.

కాలవ గట్టున ఉన్న ఒక మిషన్ హైస్కూలు నన్ను చేయించుకుంది. అక్కడ గదులు తక్కువ, పొడవాటి హాలు ఒకటే. ప్రతి బుధవారం చివరి పీరియడ్‌కి ఆ హాలును రెండు చేయాలి. ఒకవైపు అన్ని తరగతుల క్రైస్తవుల పిల్లలకు వేదపాఠం, అంటే బైబిలు, రెండోవైపు తక్కినవాళ్ళకు నీతిపాఠం. మధ్యలో నేను. దేవుణ్ణి రెండుగా పంచడానికి అంగుళం మందం చెక్క చాలని పెద్దలు నమ్మారు. పిల్లలు నమ్మలేదు. కంపాసు ములికితో నాకు కన్నాలు పొడిచి, వేలు పట్టేంత తొలిచి, వాటిలోంచి రేగువడియాలు మార్చుకునేవారు. మిగతా రోజుల్లో నన్ను నాటకాలకు ఈడ్చేవారు, పరీక్షలకు ఈడ్చేవారు, ఓట్ల పెట్టెకు మరుగు కావాలంటే ఈడ్చేవారు.

వేదపాఠం చెప్పేది సువార్త టీచరు. సన్నని మనిషి, కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా నేనెన్నడూ చూడలేదు. నా పొడవునా నడుస్తూనే చెప్పేది. అవతలివైపు చక్రపాణి మాస్టారు, తెలుగు పండితుడు. నశ్యం పీల్చందే ఏ నీతీ ఆయన నోట వచ్చేది కాదు.

ఆ ఏడాది పదో తరగతిలో సలోమి అనే పిల్ల ఉండేది. వాళ్ళ అమ్మ కామెర్లతో మంచాన పడితే సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. అయినా ఆమె దక్కలేదు. సమాధి దగ్గర ఆనందరావు అయ్యగారు ప్రసంగం చేశారట. ఆయన ఆ ఊరి పాస్టరు, మా బడికి కరస్పాండెంటు కూడా, టీచర్లను ఉంచేదీ తీసేదీ ఆయనే. "ఇంట్లో ఒక్కరి విశ్వాసం సడలినా ప్రార్థన పైకి వెళ్ళదు" అన్నారట.

తరవాతి బుధవారం సలోమి లేచి నిలబడింది.

"టీచర్, ఆ రాత్రి ప్రార్థన మధ్యలో నాకు నిద్ర పట్టేసిందండి. లేచేసరికి అమ్మ లేదండి. అందుకేనా అండి?"

సువార్త టీచరు నడక ఆగింది. నా అవతల చక్రపాణి మాస్టారి గొంతు కూడా ఆగింది. టీచరు "కూర్చో అమ్మా, తరవాత మాట్లాడుకుందాం" అంది. గంట కొట్టారు. ఆ గంట ఆమెను గట్టెక్కించిందని అందరూ అనుకుని ఉంటారు. నేను మాత్రం అనుకోలేదు. ఎందుకంటే మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె ఒక్కతే హాల్లోకి వచ్చి, నా పలకల మీద వేళ్ళు రాస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేది. క్యారేజీ మూత తీసేది కాదు.

ఒకనాడు చక్రపాణి మాస్టారు లోపలికి వచ్చారు.

"ఏందమ్మా, ఇట్టా కాళ్ళరిగేట్టు తిరుగుతున్నావు?"

"ఆ పిల్ల నిద్ర మానేసింది మాస్టారూ. కునుకు వస్తే చెయ్యి గిల్లుకుంటోందట. వాళ్ళ అమ్మమ్మ వచ్చి ఏడ్చింది. తప్పు నీది కాదని చెప్పాలంటే అయ్యగారి మాట తప్పని చెప్పాలి. చెబితే నన్ను ఇక్కడ ఉంచుతారా?"

మాస్టారు నశ్యం డబ్బీ తీసి, తెరవకుండానే జేబులో పెట్టుకున్నారు.

"మీ దేవుడి సంగతి చెప్పేటంతటి వాణ్ణి కాదు. నా సంగతి చెబుతా విను. పోయిన నెల ఒకడు లేచి, మా అన్న కాలు ఎందుకు చచ్చుబడింది మాస్టారూ అన్నాడు. పూర్వజన్మ పాపంరా అన్నాను. అనడం ఎంతసేపు! అప్పణ్ణించి వాడు వాళ్ళ అన్నకేసి దొంగను చూసినట్టు చూస్తున్నాడట. నాకు ముద్ద దిగడం లేదు."



బుధవారం వచ్చింది. ఏం విన్నారో ఏమో, అయ్యగారు స్వయంగా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. సలోమి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. సువార్త టీచరు రెండుసార్లు నా పక్కన అటూ ఇటూ నడిచింది. మూడోసారి సలోమి బల్ల దగ్గర ఆగిపోయింది.

"సలోమీ, నువ్వు నిద్రపోయినందుకు మీ అమ్మ పోలేదు. అలిసి నిద్రపోయిన పిల్ల మీద పగ తీర్చుకునే దేవుణ్ణి నేను ఎరగను. నీకు నేర్పను. మరెందుకు పోయిందీ అంటావా, నాకు తెలియదమ్మా."

"టీచరు గారూ, ఇది వేదపాఠం" అన్నారు అయ్యగారు. గొంతు పెంచలేదు.

"అవునండి. అందుకేనండి, అబద్ధం చెప్పలేకపోయాను."

అంతలో నా చివరి రెక్కను ఎవరో లాగారు. చక్రపాణి మాస్టారు. "అమ్మా, ఆ తెలియదన్న మాట కాస్త ఇటు తిరిగి కూడా చెప్పు. మావాడొకడు వినాలి" అన్నారు. ఆమె తిరిగి, చెప్పింది. సలోమి బల్ల మీద తల వాల్చి, వెక్కి వెక్కి ఏడ్చి, అలాగే నిద్రపోయింది.

ధైర్యానికి మనుషులు బహుమానం ఇస్తారని విన్నాను. ఆమెకు కుట్టుపని క్లాసు ఇచ్చారు. వేదపాఠం అయ్యగారే తీసుకున్నారు. చక్కగా చెప్పేవారు, కాదనను. కానీ కొన్ని వారాలకు ఎనిమిదో తరగతి దీవెన లేచింది.

"అయ్యగారండీ, మా తమ్ముడికి చూపు రావాలని రోజూ అడుగుతున్నానండి. నాలో ఏమన్నా తప్పుందాండి?"

ఆయనకు ఆ జవాబు కంఠస్థం. "విశ్వాసం" అనేంతవరకు వచ్చారు. ముందు వరసలోంచి సలోమి ఆయన్నే చూస్తోంది. ఆయన ఆగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆలోచించి చెబుతానమ్మా" అన్నారు.

బడి వదిలాక వరండాలో సువార్త టీచరు సూదికి దారం ఎక్కిస్తుంటే పక్కన వచ్చి నిలబడ్డారు.

"సలోమి నిద్రపోతోందా?"

"పోతోందండి."

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. కుట్టుపని క్లాసు మాత్రం మార్చలేదు.

ఆ వేసవిలోనే కొత్త గదులు లేచాయి, ఇటుక గోడలతో. నాతో పని తీరిపోయింది. విరిగిన బల్లల మధ్య, రేకుల షెడ్డులో పడేశారు. ఒకచోట నిలవడం మొదటిసారి. కింది రెక్కకు చెదలు పట్టాయి, దానికి నాకు బాధ లేదు. ఆలోచించి చెబుతానని దీవెనకు అయ్యగారు మాట ఇచ్చి వెళ్ళారు. చెప్పారో లేదో నేను వినలేదు. బుధవారం సాయంత్రం చివరి గంట మోగినప్పుడల్లా, గాలి లేకపోయినా, ఆ జవాబు వినడానికి తెరుచుకోబోతున్నట్టు నా మడతబందులు కదులుతుంటాయి.